పిడికెడు బియ్యం ఆపని ఇల్లు

మాది హౌరాలో టికియాపారా. హౌరా పెద్ద స్టేషన్లో ఖరగ్‌పూర్ వైపు లోకల్ ఎక్కితే మొదట వచ్చే స్టేషను ఇదే. దూరం పోయే బళ్ల పెట్టెలు కడిగేదీ, మరమ్మతులు చేసేదీ మా పేట పక్కనున్న షెడ్డులోనే. మా మావగారి తండ్రి బెంగాల్ నాగపూర్ రైల్వేలో పట్టాల పనికని టెక్కలి వైపు నుంచి వచ్చాడు. 1887లో పుట్టిన ఆ కంపెనీ లైన్లు వేసుకుంటూ 1900 నాటికి హౌరా దాకా వచ్చింది. ఆ పట్టాల వెంబడే మన ఉత్తరాంధ్ర జనం ఖరగ్‌పూర్‌కీ, ఇక్కడికీ వచ్చి స్థిరపడ్డారు. మావాళ్లు వచ్చేటప్పుడు రెండు మూటలు తెచ్చుకున్నారని మా అత్త చెప్పేది. ఒకదాంట్లో వంట సామాను, ఇంకోదాంట్లో బైబిలు, కీర్తనల పుస్తకం.

ఆ తరం తర్వాత మా ఇంట్లో ఎవరికీ రైల్వే ఉద్యోగం రాలేదు. మా ఆయన బెలీలియస్ రోడ్డులో ఒక లేతు షాపులో కూలికి చేసేవాడు. నేను శిబ్‌పూర్‌లో రెండిళ్లలో వంట చేసేదాన్ని. అత్త, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. ఒకటే గది, పైన రేకులు. పక్క గదిలో బీహార్ నుంచి వచ్చిన ముస్లిం కుటుంబం. మా రెండిళ్లకీ మధ్యగోడ ఒక్కటే. ఆ ఇంటావిడని మేం చాచీ అంటాం.

సాక్ష్యాల కూడికలో లాక్‌డౌన్ నాటి మా ఇంటి సంగతి చెప్పమని సంఘంలో చాలామంది అడిగారు. నాలుగు మాటలు చెప్పేసరికి గొంతు పట్టేసేది. అందుకే రాస్తున్నాను.

మన సంఘాల్లో పెరిగినవాళ్లకి పిడికెడు బియ్యం సంగతి తెలిసే ఉంటుంది. వంటకి బియ్యం కొలుచుకున్నాక అందులోంచి ఒక పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వెయ్యాలి. నెల మొదటి ఆదివారం దాన్ని గుడికి పట్టుకెళ్లాలి. అక్కడ లేనివాళ్లకిస్తారు, లేదా అమ్మి ఆ డబ్బు సువార్త పనికి వాడతారు. మిజోరంలో ప్రెస్బిటేరియన్ సంఘం ఆడవాళ్లు 1910లో ఇలాగే మొదలుపెట్టారనీ, అక్కడ దాన్ని బుహ్‌ఫై థామ్ అంటారనీ, ఆ పిడికిళ్ల మీదే ఎంతో సేవ నడిచిందనీ మా పాస్టరు అయ్యగారు ఒకసారి వాక్యంలో చెప్పారు. మా ఇంట్లో ఆ డబ్బా పాత డాల్డా డబ్బా. దాని మీద చెయ్యి వేసే హక్కు అత్తకే. చేతులు కడుక్కుని, పైట నెత్తిన వేసుకుని, పిడికెడు తీసి, 'స్తోత్రం' అని డబ్బాలో పోసేది. పండగైనా, జ్వరమైనా తప్పేది కాదు.

2020 మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ అన్నారు. లేతు షాపు మూతపడింది. షాపు యజమాని తనే అద్దె కట్టుకోలేని మనిషి, ఆయన్ని ఏమీ అనలేం. నేను వంట చేసే ఇళ్లవాళ్లు ఇక రావొద్దని ఫోన్లో చెప్పారు. ఒక ఇల్లు ఆ నెల జీతం పూర్తిగా ఇచ్చింది, ఇంకొకటి ఇవ్వలేదు. బళ్లు ఆగిపోయాయి. హౌరా రెడ్ జోన్ అయింది. సందు మొదట్లో వెదురు బొంగులు అడ్డం కట్టేశారు. కుళాయి దగ్గరికి పోవాలన్నా టైము చూసుకుని, ముక్కుకి పైట కట్టుకుని పోవాలి.

రేషన్ కార్డు మీద తలకి 5 కిలోల ఉచిత బియ్యం ఇచ్చారు. అందుకు దేవుడికీ, ప్రభుత్వానికీ కృతజ్ఞతలు చెప్పుకుంటాను, అది లేకపోతే మేం లేము. కానీ మా కార్డులో పేర్లు మూడే, పిల్లలవి ఇంకా ఎక్కలేదు. 15 కిలోలు, అయిదుగురు, నెల రోజులు. అంటే రోజుకి అరకిలో. పప్పూ, కూరా లేకపోతే కడుపు అన్నమే ఎక్కువ అడుగుతుంది. పొద్దుట గంజి, సాయంత్రం అన్నం, ఉప్పు, పచ్చిమిరపకాయ. జన్‌ధన్ ఖాతాలో నెలకి 500 చొప్పున మూడు నెలలు పడ్డాయి. అవి అత్త షుగరు మాత్రలకీ, గ్యాసుకీ ఏ మూలకీ చాల్లేదు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం నేను అత్తతో అన్నాను, "అత్తా, ఇక పిడికెడు తియ్యొద్దు. పిల్లలకే చాలట్లేదు. దేవుడికి తెలీదా మన సంగతి?"

ఆవిడ కోప్పడలేదు. కొలిచిన బియ్యం వంక కాసేపు చూసి, "ఇన్నాళ్లూ మిగిలినదాంట్లోంచి తీశాం. అది పెద్ద విషయమా? ఇయ్యడమంటే ఇప్పుడు కదా," అంది. అని మా చిన్నవాణ్ని పిలిచింది. వాడికి అప్పుడు అయిదేళ్లు. "నాన్నా, ఇకనుంచి నా పిడికెడు వద్దు, నీ పిడికెడు తియ్యి," అంది. వాడి గుప్పెట్లో పట్టేవెన్ని? వేళ్ల సందుల్లోంచి నాలుగు గింజలు మళ్లీ గిన్నెలోకే రాలిపోయేవి. మిగిలినవి డబ్బాలో వేసి వాడు 'స్తోత్రం' అనేవాడు. అలా పిడికెడు చిన్నదైంది, ఆగలేదు. మా అత్త చదువుకోలేదు. కానీ అంతకంటే న్యాయమైన తీర్పు ఏ పెద్దమనిషీ చెప్పలేడని నాకు అనిపించింది. మనవడి నోటి దగ్గర కూడు తియ్యలేదు, దేవుడి దగ్గర మాట తప్పలేదు.

మట్టలాదివారం వెళ్లిపోయింది, గుడ్ ఫ్రైడే వెళ్లిపోయింది, ఏప్రిల్ 12న ఈస్టరు కూడా ఇంట్లోనే అయింది. గుడి తాళం తియ్యలేదు. డబ్బా పట్టుకెళ్లడానికి చోటు లేదు, అందుకని అది ఇంట్లోనే నిండుతూ ఉంది.

అదే నెల 28న బెలీలియస్ రోడ్డులో జనం పోలీసుల మీద పడ్డారు. రాళ్లు రువ్వారు. అది టీవీల్లో పదే పదే వచ్చింది. ఊరి నుంచి బంధువులు ఫోన్ చేసి, "అలాంటి చోట ఎలా ఉంటున్నారే, ముందు అక్కణ్నుంచి వచ్చెయ్యండి," అన్నారు. జరిగింది తప్పే, నేను కాదనను. కానీ టికియాపారా అంటే దేశానికి ఆ రోజు తెలిసింది ఆ రాళ్లే. దేశం చూడనిది నేను చూశాను. దాన్ని చెప్పకపోతే నేను తిన్న అన్నానికి ద్రోహం చేసినట్టే.

అప్పటికి రంజాన్ మొదలైంది. మధ్యగోడ ఒక్కటే కాబట్టి అవతల పొయ్యి వెలిగితే మాకు తెలుస్తుంది, వెలగకపోయినా తెలుస్తుంది. చాచీ పెద్దకొడుకు స్టేషన్లో సామాన్లు మోసేవాడు, బళ్లు లేవు కాబట్టి కూలీ లేదు. రెండోవాడు వ్యాను రిక్షా తోలేవాడు. వాళ్ల కార్డులు బీహార్లో ఉన్నాయి. పగలంతా ఉపవాసం ఉండి, సాయంత్రం బాంగు విన్నాక ఒక చిటికెడు ఉప్పు నాలుక మీద వేసుకుని నీళ్లు తాగి చాచీ పడుకుంటోందని మా అమ్మాయి కుళాయి దగ్గర విని వచ్చి చెప్పింది.

అత్త డబ్బా కిందకి దించమంది. మూత తీస్తే రెండు కిలోల దాకా ఉంటాయి. నాకు గుండెల్లో రాయి పడింది. అది మా ఇంటిల్లిపాదికీ నాలుగు రోజుల కూడు. పైగా అది గుడి సొమ్ము, మనం ఎవరికో ఇచ్చేస్తే ఎలా? అత్తకీ ఆ సందేహం ఉంది. అయ్యగారికి ఫోన్ కలపమంది. "అయ్యగారూ, వందనాలు. ఈ బియ్యం సంఘానిది. పక్కింటివాళ్లు మనవాళ్లు కాదు. ఏం చెయ్యమంటారు?" అంది.

ఆయన వెంటనే అన్నారు, "అమ్మా, అది నాదీ కాదు, నీదీ కాదు. పక్కింట్లో పొయ్యి వెలగలేదని తెలిశాక నన్నడగడం దేనికి?"

అత్తే పట్టుకెళ్లింది. చాచీ తీసుకోలేదు. "మీ పిల్లల సంగతో?" అంది. "మా వంట అయిపోయింది," అంది అత్త. అది నిజమే, ఆ పూటకి అయిపోయింది. చాచీ డబ్బా అందుకుని తలుపు వెనక్కి వెళ్లిపోయింది. ఏడ్చిందో లేదో నాకు తెలీదు. కాసేపటికి గోడ అవతల గిన్నె చప్పుడు వినిపించింది. మర్నాడు డబ్బా తిరిగొచ్చింది. ఖాళీ గిన్నె ఇవ్వకూడదని మన ఇళ్లలో ఎలా అనుకుంటామో వాళ్లిళ్లలోనూ అంతే. అడుగున నాలుగు ఖర్జూరాలు ఉన్నాయి, మసీదు నుంచి పంచినవి. పిల్లలు గింజలు కూడా చప్పరించారు.

ఆ మధ్యలో ఎవరో సరుకులు పంచడానికి వచ్చారు. మంచిపనే. బియ్యం, బంగాళదుంపలు, ఆవనూనె. కానీ సంచి చేతికిచ్చే ముందు దాన్ని పైకెత్తి ఫోన్ వంక చూడమన్నారు. అత్త పైట కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. సంచి తీసుకుంది, వాళ్లకి నమస్కారం పెట్టింది. ఇంటికొచ్చాక, "ఇచ్చినోళ్లు చల్లగుండాలి. కానీ నా ఆకలి మొహం ఊరందరూ చూడక్కర్లేదు," అంది. ఆ మాట నేను మర్చిపోలేదు.

మే 20న అంఫాన్ వచ్చింది. సాయంత్రం నుంచే రేకులు కొట్టుకున్నాయి. చీకటి పడ్డాక ఒక రేకు లేచిపోయింది, దాని వెనకే ఇంకోటి. వాన నేరుగా పొయ్యి మీద పడుతోంది. మిగిలిన బియ్యం పాలిథిన్ సంచిలో కట్టి మా ఆయన చొక్కాలో దోపుకున్నాడు. అత్త బైబిలు కొంగులో చుట్టుకుంది. చాచీ వాళ్ల గది మీద స్లాబు ఉంది. ఆవిడ కొడుకులు వచ్చి పిల్లల్ని భుజాన వేసుకుని తీసుకెళ్లారు. ఆ చిన్న గదిలో రెండు కుటుంబాలం, నిలబడి కొందరం, కూర్చుని కొందరం. కొవిడ్ భయం అందరికీ ఉంది, దూరం పాటించాలని అందరికీ తెలుసు, కానీ ఆ రాత్రి తోసేసేవాళ్లెవరూ లేరు. గాలి ఊళేస్తుంటే అత్త ఒక మూల ప్రార్థన చేసింది, చాచీ ఇంకో మూల దువా చేసింది. తెల్లారాక చూస్తే మా గదికి పైకప్పు లేదు. కరెంటు రావడానికి చాలా రోజులు పట్టింది. చాచీ రెండోకొడుకు తన వ్యాను మీద కప్పుకునే టార్పాలిన్ తెచ్చి మా గది మీద కట్టాడు. వాడికి పని మళ్లీ దొరికితే అదే కావాలి. అయినా తెచ్చాడు.

ఇక్కడితో ఆపేస్తే కథ బాగుంటుంది. ఇచ్చాం, మాకు తిరిగొచ్చింది, హల్లెలూయా అని ముగించొచ్చు. కానీ జరిగింది అది కాదు.

అత్త ఎప్పటినుంచో షుగరు మాత్రని సగానికి విరిచి వేసుకుంటోంది. మాకు చెప్పలేదు. తుపాను నీళ్లలో కాలికి ఏదో గీసుకుంది. పుండు మానలేదు. జూన్‌లో కాలు నల్లబడింది. ఒక ఆసుపత్రిలో చోటు లేదన్నారు. ఇంకోచోట చేర్చుకునేసరికి ఆలస్యమైంది. కొద్ది రోజులకే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. ఆఖరున నాతో మాట్లాడిన మాట, "డబ్బా ఆపకు."

అత్తని పెట్టే బాక్సు కొనడానికి మా దగ్గర డబ్బు లేదు. ఆరాధనకి పదిమందికి మించి రాకూడదన్న రోజులవి, సమాధికీ జనం రాలేరు. కానీ డబ్బు వచ్చింది. మా సంఘంలో రిటైరైన ఖలాసీ తాతయ్య పింఛనులోంచి తీసి ఇచ్చాడు. గుడి ఊడ్చే అక్క యాభై తెచ్చింది. ఆ యాభై ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలుసు, ఆవిడ ఇంట్లో కూడా పొయ్యి ఒక్కపూటే వెలుగుతోంది. చాచీ ఓణీ చివర ముడి విప్పి చిల్లర నా ఒళ్లో పోసింది. నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టడానికి చేతులు రాలేదు. బాక్సు ఎత్తేటప్పుడు ఒక కొమ్ము మా ఆయన పట్టాడు, ఒకటి మా సంఘం తమ్ముడు, రెండు కొమ్ములు చాచీ కొడుకులు.

ఊరి నుంచి దగ్గర చుట్టం ఒకాయన ఫోన్లో అడిగాడు, "అన్నేళ్లు దేవుడి బియ్యం తీసిందే, దేవుడు ఏం ఒరగబెట్టాడు?" ఆ ప్రశ్న నన్ను చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు. దానికి తోడు ఫోన్లలో వచ్చే ప్రసంగాలు. విత్తనం వెయ్యండి, నూరంతలు కొయ్యండి, మీ కానుక మీ ఆశీర్వాదానికి తాళంచెవి అని. అదే నిజమైతే మా అత్త బతకాలి. అత్త పోయింది కాబట్టి అది నిజం కాదు. ఆవిడ విశ్వాసం తక్కువైందని మాత్రం ఎవరూ నా ముందు అనకండి.

వాక్యం నేను మళ్లీ చదివాను. విధవరాలు రెండు కాసులు వేసిన కథ మార్కు సువార్త 12వ అధ్యాయంలో ఉంది. కానుకల పండగ రోజు ఆ కథ చెప్పని గుడి లేదు. కానీ దానికి సరిగ్గా ముందు వచనంలో ప్రభువు మాట్లాడింది విధవరాండ్ర ఇళ్లు దిగమింగే శాస్త్రుల గురించి. ముందు వాళ్లని గద్దించి, తర్వాత కానుక పెట్టెకెదురుగా కూర్చుని ఆమెను చూశాడు. మొదటి సగం వదిలేసి రెండో సగం చెప్పేవాళ్లు పేదవాడి జేబు చూస్తున్నారు గానీ పేదవాణ్ని చూడట్లేదు. ప్రభువు ఆమెకి సొమ్ము రెట్టింపు అవుతుందని చెప్పలేదు. చూశాడు, లెక్కలోకి తీసుకున్నాడు, శిష్యుల్ని పిలిచి చూపించాడు. అంతే.

సారెపతు విధవరాలు తొట్టిలో మిగిలిన పట్టెడు పిండితో ఏలీయాకి రొట్టె చేసిపెట్టింది. ఆమె ఇశ్రాయేలు స్త్రీ కాదు, సీదోను దేశపు అన్యురాలు. దేవుడు తన ప్రవక్తకి అన్నం పెట్టించింది పరాయి ఇంట్లో. ఆ కథలో పిండి తరగలేదు, నిజమే. కానీ తర్వాత ఆమె కొడుకు జబ్బుపడి ఊపిరి పోయింది కూడా. ఇచ్చిన ఇంటికి కష్టం రాదని ఆ కథ చెప్పలేదు. ఆ బిడ్డ మళ్లీ లేచాడు, మా అత్త లేవలేదు. ఆవిడ లేచే రోజు వేరే ఉందని నమ్ముతున్నాను. మాసిదోనియ సంఘాలవాళ్లు కటిక పేదరికంలో ఉండి, ఇచ్చే భాగ్యం మాకూ ఇవ్వండని పౌలుని బతిమాలుకున్నారని రెండో కొరింథీ పత్రిక 8వ అధ్యాయంలో ఉంది. నన్ను పట్టుకుని నిలిపింది ఆ మాటే. వాళ్లు ఏదో రావాలని ఇవ్వలేదు. దేవుడు ముందే ఇచ్చాడని తెలిసి ఇచ్చారు. కృతజ్ఞత అంటే అదే. రావాల్సినదానికి బయానా కాదు, వచ్చినదాన్ని గుర్తుపెట్టుకోవడం.

లేనివాళ్లు పక్కింటికి పెట్టడం ఈ వైపు కొత్త సంగతీ కాదు. మదర్ తెరిసా 1979లో నోబెల్ బహుమతి అందుకున్నప్పుడు ఓస్లోలో కలకత్తా గురించి ఒక సంగతి చెప్పింది. ఎనిమిదిమంది పిల్లలున్న ఒక హిందూ కుటుంబం చాలా రోజులుగా పస్తులుంటే ఆమె బియ్యం పట్టుకెళ్లింది. ఆ తల్లి బియ్యాన్ని రెండు భాగాలు చేసి, ఒక భాగం తీసుకుని బయటికి వెళ్లింది. తిరిగొచ్చాక ఎక్కడికి వెళ్లావని అడిగితే, పక్కనున్న ముస్లిం కుటుంబం కూడా ఆకలితోనే ఉందని చెప్పింది. మా టికియాపారాలోనే మామూన్ అఖ్తర్ అనే ఆయన తన ఇంట్లో చిన్న గదిలో పేటపిల్లలకి చదువు చెప్పడంతో మొదలుపెట్టి బడి నిలబెట్టాడు. ఆయన ముస్లిం. ఆ సంస్థ పేరు సమారిటన్ హెల్ప్ మిషన్, మన సువార్తలోని మంచి సమరయుడి పేరే. ఆయనా ఉన్నవాడై మొదలుపెట్టలేదు.

ఇప్పుడు మా ఆయనకి పని ఉంది, నాకూ ఒక ఇల్లు దొరికింది. అప్పు ఇంకా తీరలేదు. రేకులు మళ్లీ వేయించాం. చిన్నవాడి చెయ్యి పెరిగింది, పిడికెడూ పెరిగింది. మాకు గొప్ప ఆశీర్వాదం వచ్చిందని నేను చెప్పలేను. అత్త లేదు. కానీ ఆ నెలల్లో మేం ఇచ్చినందుకు ఒక్క గింజకి కూడా విచారం లేదు. ఇవ్వకుండా ఉండి ఉంటే కడుపులు కాస్త నిండేవేమో గానీ, ఆ ఆకలిలో మేం అడుక్కునేవాళ్లుగా మాత్రమే మిగిలేవాళ్లం. పిడికెడు తీసిన పూట మేమూ ఇచ్చేవాళ్లమే. పేదవాడి దగ్గర ఆ హక్కు ఎవరూ లాక్కోకూడదు.

అందుకే సంఘ పెద్దలకి, అయ్యగార్లకి ఒక మనవి. కోత పండగ వేలంలో ఎక్కువ పాడినవాళ్ల పేరే మైకులో చదవకండి. గుడి ఊడ్చే అక్క యాభై ఇస్తే, 'నీకెందుకమ్మా, ఉంచుకో' అని వెనక్కివ్వకండి, గౌరవంగా తీసుకోండి. ఆ యాభై చూపించి ఇంకో యాభై అడగకండి. ఆవిడ ఇంట్లో పొయ్యి వెలుగుతోందో లేదో కనుక్కుని ఆ కానుకల పెట్టెలోంచే ఆవిడకి పంపండి. చదివేవాళ్లకి కూడా ఒక మాట. మీ గోడ అవతల ఎవరున్నారో, వాళ్లది ఏ మతమో తర్వాత, ముందు వాళ్లు అన్నం తిన్నారో లేదో తెలుసుకోండి. ఇచ్చేటప్పుడు మాత్రం దయచేసి ఫోటో తియ్యకండి.